పేగులు అతుక్కున్నాయంటే మళ్ళీ ఆపరేషన్ చేయించాలా?

గర్భసంచి ఆపరేషన్ తర్వాత మీ అమ్మగారికి పేగులు అతుక్కున్నాయని, ఒక డాక్టరుగారు మళ్ళీ కోసి విడదీయాలంటే ఇంకొకరు మందులతో చూద్దామన్నారని అడిగారు కదండీ. నాదీ అదే పరిస్థితి. మాది పాలకొల్లు దగ్గర పల్లె. సిజేరియన్, తర్వాత గర్భసంచి ఆపరేషన్, ఆ పైన పేగుల్లో అడ్డు. అయినా ఇంతవరకు మళ్ళీ కోత లేకుండానే నెట్టుకొస్తున్నాను.

ముందు డాక్టరుగారిని ఇది అడగండి: ఆపరేషన్ అడ్డు పడినందుకా, నొప్పి తగ్గడానికా? పొట్ట ఉబ్బి, పచ్చటి వాంతులై, గ్యాస్ కూడా కిందికి పోకపోతే అది అడ్డు. అప్పుడు వాము నీళ్ళు, ఆముదం అంటూ ఇంట్లో కూర్చోకూడదు. భీమవరమో కాకినాడో, సర్జను, సీటీ స్కానూ ఉన్న చోటికి వెళ్ళిపోవాలి.

అక్కడా వెంటనే కొయ్యరు. నాకు నోటికి ఏమీ ఇవ్వకుండా సెలైన్ పెట్టి, పొటాషియం సరిచేసి, ముక్కులోంచి గొట్టం వేశారు. అది గొంతు దిగేటప్పుడు "మింగమ్మా, మింగు" అని నర్సమ్మ అంటుంటే కళ్ళ వెంట నీళ్ళు కారిపోయాయి. సంచిలోకి ఆకుపచ్చ నీరు దిగాక పొట్ట తేలికపడింది. తర్వాత గొట్టంలోంచే గ్యాస్ట్రోగ్రాఫిన్ అనే, ఎక్స్‌రేలో కనిపించే మందు పోసి ఎక్స్‌రే తీశారు. ఆ మందు 24 గంటల్లో పెద్దపేగుకు చేరితే చాలామందికి కోత అవసరం పడదు. నాకు చేరింది. మామూలుగా 72 గంటల వరకు ఇలా చూస్తారు. ఈలోగా జ్వరం, నాడి వేగం, తెరిపి లేని నొప్పి, పొట్ట గట్టిపడడం కనిపిస్తే పేగుకు రక్తం అందడం లేదేమోనని అనుమానించాలి. డాక్టరుగారు అప్పుడు ఆపరేషన్ అంటే ఆలోచించకుండా సంతకం పెట్టండి.

ఉత్త నొప్పికే అయితే మాత్రం నేను ఒప్పుకోను. విడదీసిన చోట మళ్ళీ అతుక్కోవచ్చు, విడదీస్తుంటే పేగుకు చిల్లు పడే ప్రమాదమూ ఉంది. నెదర్లాండ్స్‌లో 100 మంది మీద జరిపి 2003లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో అచ్చయిన పరిశోధనలో, లాపరోస్కోపీతో (చిన్న రంధ్రాల్లోంచి కెమెరా పెట్టి) విడదీసినవాళ్ళకీ, లోపల చూసి వదిలేసినవాళ్ళకీ నొప్పి ఇంచుమించు ఒకేలా తగ్గింది. అడ్డు మాటిమాటికీ వస్తుంటే అది వేరే లెక్క, అప్పుడు ఆపరేషన్ గురించి తప్పకుండా మాట్లాడండి.

తిండితో అతుకులు కరగవు కానీ ఇరుకైన చోట పీచు ఇరుక్కోకుండా చూసుకోవచ్చు. నేను తేగలు పూర్తిగా మానేశాను. ఎంత నమిలినా నోట్లో దారాల్లా మిగిలే ఆ పీచు మాలాంటివాళ్ళకు పడదు. పనస తొనలూ అంతే. మునక్కాడ పిప్పి ఉమ్మేస్తాను. మెత్తటి అన్నం, సొరకాయ, బీరకాయ, చేప కొంచెం కొంచెంగా, బాగా నమిలి తింటాను.

పాత ఆపరేషన్ కాగితాలన్నీ ఒక ఫైలులో పెట్టి, ఎక్కడికెళ్ళినా తీసుకెళ్ళండి. మీ అమ్మగారి స్కాన్‌లో అడ్డు ఉందని రాశారా, వాంతులు ఎన్నాళ్ళకోసారి వస్తున్నాయి, అది చెప్పండి.