కట్లు విప్పాక మొదలయ్యే పని

అమ్మడూ,

వేడి సాంబారు పడి చెయ్యి కాలిన బాబు, చర్మం అతికించే ఆపరేషన్ అయ్యి ఇంటికొచ్చాడని మీ అమ్మ ఫోన్ చేసింది. కట్లు విప్పిన చెయ్యి చూసి వంటింట్లోకి వెళ్లి ఏడ్చావట. మా అమ్మాయి, అదే మీ అక్క మీద కాగిన నీళ్ల బిందె పడినప్పుడు నేనూ అలాగే ఏడ్చాను. ఆ బిందె అక్కడ పెట్టింది నేనే. సాంబారు గిన్నె గట్టు అంచున పెట్టానని నువ్వెంత కుమిలిపోతున్నావో నాకు తెలుసు. కానీ వాడి ఎదుట ఆ మాట ఎత్తకు.

గాయం మానింది కదా అని అప్పట్లో మేం ఊరుకున్నాం. అదే పొరపాటు. పైకి మానినా మచ్చ ఏడాది, ఏడాదిన్నర దాకా ఎర్రగా ఉబ్బి బిగుస్తూనే ఉంటుంది. మీ అక్క మోచెయ్యి వంగిపోయి, జడ దాకా చెయ్యి వెళ్లేది కాదు. మళ్లీ ఆపరేషన్ చేసి, తొడ మీది చర్మం తీసి అతికించారు.

అందుకే ఫిజియో చెప్పిన కసరత్తు ఒక్కరోజూ మానొద్దు. ఏడుస్తాడు. కొబ్బరినూనె రాసి మెల్లగా చాపించు, బిస్కెట్ పై అరలో పెట్టి అందుకోమను. చెయ్యి వంగకుండా కట్టే స్ప్లింట్ (గట్టి పట్టీ) రాత్రి తీసెయ్యకు. మచ్చ ఉబ్బకుండా అదిమి ఉంచే బిగుతు తొడుగు, ప్రెషర్ గార్మెంట్, రోజుకు 23 గంటలు ఉండాలంటారు, స్నానానికీ నూనె రాయడానికీ తప్ప తీయకూడదు. మూడు నాలుగు నెలలకే అది వదులైపోతుంది, వాడూ ఎదుగుతాడు. మళ్లీ కొలతలిచ్చి కొత్తది కుట్టించు. దురదకి రాత్రిళ్లు నిద్ర ఉండదు. గోళ్లు తీసి, డాక్టరుకి చెప్పు, మందులున్నాయి. అతికించిన చర్మానికి చెమట పట్టదు, ఎండకి మచ్చ నల్లబడుతుంది. ఎండ వేళ నీడలో ఆడించు.

ఇంకోటి. ఒళ్లు ఎదిగినంతగా మచ్చ సాగదు. పన్నెండు, పదమూడేళ్లప్పుడు ఒక్కసారిగా పొడుగు సాగితే మళ్లీ పట్టేయొచ్చు. అప్పుడు ఆపరేషన్ అంటే మొదటిది చెడిపోయిందనుకుని టెన్షన్ పడకు.

బడి మాత్రం ఆలస్యం చేయొద్దు. ముందే వెళ్లి టీచరుతో మాట్లాడు. ఎవరైనా అడిగితే "వేడి సాంబారు పడింది, ఇప్పుడు నొప్పి లేదు" అని చెప్పడం నేర్పు. నేను మీ అక్కకి మండుటెండలోనూ పొడుగు చేతుల జాకెట్లే కుట్టించాను. పదో తరగతిలో ఒకరోజు అడిగింది, "అమ్మా, నన్ను చూస్తే నీకు సిగ్గా?" అని. ఆ సాయంత్రమే కత్తెర తీసుకుని ఆ జాకెట్ల చేతులన్నీ పొట్టిగా కత్తిరించేశాను.

మొన్న మీ అక్కే ఒక సంగతి చదివి చెప్పింది. అమెరికాలోని బోస్టన్‌లో ఒంటి మీద 70 శాతం, అంతకన్నా ఎక్కువ కాలి బతికిన 80 మంది పిల్లల్ని డాక్టర్లు ఏళ్ల తర్వాత పరీక్షించి, 2000లో ఆ వివరాలు అచ్చేశారట. వాళ్లలో చాలామంది మిగతా వాళ్లలాగే బతుకుతున్నారు. బాగా కోలుకున్నవాళ్లకి ఇంట్లోవాళ్లు అండగా నిలబడ్డారు, వాళ్లు త్వరగా బడికీ ఆటలకీ వెళ్లిపోయారు.

సంక్రాంతికి వస్తున్నా. గాలిపటం దారం వాడి చేతే చుట్టిస్తా, వేళ్లకి మంచి కసరత్తు. గార్మెంట్ కొలతలు ఈలోపే ఇచ్చేసి రా.

మీ పెద్దమ్మ