అమ్మగారి నగలకు విలువ కట్టించడం ఎలా?

ప్రశ్న: మా అమ్మగారు నిరుడు కార్తీక మాసంలో కాలం చేశారు. ఆవిడ నగలను మేమిద్దరం అక్కచెల్లెళ్ళం, మా తమ్ముడు పంచుకోవాలి. ఒక కాసులపేరు, కెంపులు పొదిగిన అడ్డిగ, గుట్టపూసల హారం, రెండు జతల గాజులు ఉన్నాయి. పాత రసీదులన్నీ 1986 వరదలో పోయాయి. ఒక దుకాణంలో రాళ్ళ బరువు, పూసల బరువు తీసేసి బంగారానికి మాత్రమే లెక్క చెప్పారు. మరొక దుకాణంలో అడ్డిగలోవి ‘బర్మా కెంపులు’ అంటూనే, వాటికి విడిగా ధర రాదని, మొత్తం తామే తీసుకుంటామని చెప్పారు. రెండు లెక్కలకూ చాలా తేడా ఉంది. ఎవరి మాట నమ్మాలి?
– రాజోలు ప్రాంతం నుంచి ఒక సోదరి

సమాధానం: అమ్మా, ఆ రెండు దుకాణాలూ మీకు చెప్పింది తాము కొనే ధర. కొనేవాడు చెప్పే ధరలో అతని లాభం, అతనికి పోయే తరుగు, మళ్ళీ అమ్ముడుపోతుందో లేదోనన్న సందేహం అన్నీ కలిసి ఉంటాయి కాబట్టి, దాన్ని పంపకానికి ఆధారంగా తీసుకుంటే ముగ్గురిలో ఎవరో ఒకరు తప్పకుండా నష్టపోతారు. మీ నగలను కొనే ఉద్దేశం లేని మనిషి చేత, రుసుము చెల్లించి, విలువ కట్టించుకోండి. ఆదాయపు పన్ను శాఖ వద్ద నగల విభాగంలో నమోదైన వాల్యుయర్లు ఉంటారు. వారిచ్చే నివేదిక పన్ను వ్యవహారాలకు కూడా పనికొస్తుంది.

వెళ్ళేముందు విలువ దేనికోసమో మీలో మీరు తేల్చుకోవాలి. ఒకే అడ్డిగకు బీమా కోసం కట్టే విలువ వేరు, పంపకం కోసం కట్టే విలువ వేరు. బీమా అయితే అలాంటి నగను ఇవాళ కొత్తగా చేయించడానికి అయ్యే మజూరీ, తరుగు, 3 శాతం జీఎస్టీ కూడా కలుపుతారు. పంపకంలో మజూరీ కలిపితే, నగను ఉంచుకునే వారి వాటాలోకి ఎన్నటికీ చేతికి రాని సొమ్ము చేరుతుంది. అందుచేత ముగ్గురూ ఒక తేదీ అనుకుని, ఆ రోజు బంగారం ధరనే అన్ని నగలకూ వర్తింపజేసి, రాళ్ళకు విడిగా విలువ కట్టమని అడగండి. తూకం వేసేటప్పుడు ముగ్గురూ ఎదుట ఉండడం మంచిది. నాన్నగారు ఉన్నట్లయితే, అమ్మగారు వీలునామా రాయని పక్షంలో, హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆయనకూ మీతో సమానంగా వాటా ఉంటుందని మరువకండి.

ఇక నగల సంగతి. కాసులపేరును ముందుగా పగటి వెలుతురులో చూడండి. లక్ష్మీదేవి బొమ్మ ఉన్న పల్చని అచ్చు కాసులైతే వాటిది బంగారం విలువే. ఒకవైపు రాజు గాని రాణి గాని తల, మరోవైపు గుర్రం మీద కూర్చుని సర్పాన్ని చంపుతున్న వీరుడు కనిపిస్తే అవి సవరన్లనే బ్రిటిషు బంగారు నాణేలు; ఒక్కొక్కటి 7.98 గ్రాముల బరువుతో, 22 క్యారట్ల బంగారంతో ఉంటుంది. గుర్రం కాళ్ళ కింద నేల మీద, సంవత్సరం అంకెకు పైన, చిన్న ఇంగ్లీషు ‘ఐ’ అక్షరం ఉండి ఆ సంవత్సరం 1918 అయితే, అది బొంబాయి టంకశాలలో ఆ ఒక్క ఏడాదే ముద్రించిన నాణెం. నాణేలు సేకరించేవారు అలాంటి వాటికి బంగారం ధర కంటే ఎక్కువే ఇస్తారు. అయితే కాసుకు కొక్కెం అతికి ఉంటే ఆ అదనపు విలువ చాలావరకు పోతుంది. ఏదేమైనా చూపించకుండా కరిగించవద్దు.

మీ ప్రశ్నలో అసలు చిక్కు అడ్డిగ దగ్గరే ఉంది. ‘బర్మా కెంపు’ అన్న మాటను మన ప్రాంతంలో ఎర్రగా మెరిసే రాయికల్లా వాడేస్తున్నారు. గని నుంచి వచ్చిన కెంపు, కొలిమిలో తయారైన కెంపు, కెంపులా కనిపించే స్పినెల్ అనే వేరే రత్నం, గాజు – నాలుగూ పాత నగల్లో కనిపిస్తాయి, ఒక్కోసారి ఒకే నగలో కలిసి కూడా ఉంటాయి. మంటలో పొడిని కరిగించి కెంపును తయారుచేసే పద్ధతిని వెర్నాయి అనే ఫ్రెంచి శాస్త్రవేత్త 1902లో ప్రకటించాడు కాబట్టి, నగ ‘అమ్మమ్మ నాటిది’ అయినంత మాత్రాన రాయి గనిలో పుట్టినదని చెప్పలేము. పదింతలు పెద్దది చేసి చూపే భూతద్దం కింద పెడితే కొలిమి కెంపులో గ్రామఫోను రికార్డు మీది గాడుల్లా వంపు తిరిగిన సన్నని గీతలు, అక్కడక్కడా గుండ్రని గాలిబుడగలు కనిపిస్తాయి. గని కెంపులో చాలాసార్లు పట్టుపోగుల్లాంటి సన్నని సూదులు ఒకదాన్నొకటి కోసుకుంటూ కనిపిస్తాయి. గాజు అయితే అంచులు ఒరుసుకుపోయి మొద్దుబారి ఉంటాయి. స్పినెల్‌ను కంటితో వేరు చేయడం ఎంత కష్టమంటే, బ్రిటిష్ రాజకిరీటంలో శతాబ్దాల పాటు కెంపుగా పేరుపడ్డ ‘బ్లాక్ ప్రిన్స్ రూబీ’ కూడా స్పినెలే. దాన్ని తేల్చడానికి కాంతి వంగే తీరును కొలిచే పరికరం కావాలి.

పాత అడ్డిగలో రాయి వెనుక భాగం మూసి ఉంటుంది. రాయి కింద మెరుపు కోసం పల్చని రేకు, దాని కింద లక్క ఉంటాయి. రాయి రంగులో కొంత ఆ రేకుదే. వెనుక నుంచి చూడడానికి వీలుండదు గనుక నిజాయితీ గల నిపుణుడు ‘ఇంతవరకే చెప్పగలను’ అని నివేదికలో రాస్తాడు. అలా రాసిన వారినే నమ్మండి. అంత విలువైన రాయి అనిపిస్తే ఒకటి రెండింటిని నమ్మకమైన పనివాడి చేత విప్పించి, ముంబైలోని గాని జైపూర్‌లోని గాని రత్న పరీక్షశాలకు పంపవచ్చు. అన్నీ విప్పించవలసిన పని లేదు. మరొక్క మాట: చూపించడానికి ముందు శుభ్రం చేద్దామని అడ్డిగను కుంకుడు రసంలో నానబెట్టకండి. తడి రేకు కిందికి చేరితే రాయి నల్లబడుతుంది, ఆ నలుపు మళ్ళీ పోదు. గుట్టపూసలకూ ఆ రసం మంచిది కాదు. ఆ పూసలు సముద్రంలో సహజంగా పుట్టిన పాత ముత్యాలా, పెంచిన ముత్యాలా అన్నది ఎక్స్‌రే పరీక్షలో తేలుతుంది. సహజమైనవి అయితే, దుకాణదారు బరువు కింద తీసేసిన ఆ పూసలకే హారంలోని బంగారం కంటే ఎక్కువ విలువ ఉండవచ్చు.

బంగారం వన్నె విషయంలో, గీటురాయి మీద అనుభవజ్ఞులు చెప్పేది దాదాపుగా సరిపోతుంది గాని, అది అంచనాయే. ఎక్స్‌కిరణాలతో వన్నె కొలిచే ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రం పైపొరను మాత్రమే చదువుతుంది. పాత నగల్లో రాళ్ళ చుట్టూ ఉండే కుందనపు రేకు మేలిమి బంగారం, అతుకుల దగ్గర టంకం తక్కువ వన్నెది. అందువల్ల ఒకేచోట చూసి చెప్పిన అంకెను ఒప్పుకోక, నాలుగైదు చోట్ల చూపించమనండి. గాజులను భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) గుర్తింపు పొందిన హాల్‌మార్కింగ్ కేంద్రానికి తీసుకువెళితే, సామాన్య వినియోగదారులకు కూడా కొద్దిపాటి రుసుముకే పరీక్ష చేసి కాగితం ఇస్తారు. మీరు తరువాత అమ్మదలచుకుంటే, అమ్మగారికి ఆ నగలు 2001 ఏప్రిల్ 1కి ముందే ఉన్నాయి గనుక, పన్ను లెక్కలో ఆ తేదీనాటి విలువను కొన్న ధరగా చూపుకునే వీలుంది. ఆ విలువను కూడా ఇప్పుడే నివేదికలో రాయించుకోండి.

ప్రశ్న: మూడేళ్ళ క్రితం కొన్న ఏడురాళ్ళ వజ్రాల దుద్దులకు బిల్లు ఉంది గాని సర్టిఫికెట్ లేదు. అవి ల్యాబ్‌లో పెంచినవేమోనని అనుమానం. దుకాణంలో పెన్నులాంటి పరికరం పెట్టి ‘వజ్రమే’ అన్నారు. అది చాలునా?
– భీమవరం నుంచి ఒక పాఠకురాలు

సమాధానం: చాలదమ్మా. ఆ పెన్ను వేడి ఎంత త్వరగా పాకుతుందో చూస్తుంది. ల్యాబ్‌లో పెరిగినది కూడా కర్బనంతో అయిన వజ్రమే కాబట్టి దానికీ అదే మోత మోగుతుంది. వజ్రంలా కనిపించే మోయిసనైట్ అనే వేరే రాయికి సైతం చాలా పెన్నులు మోగుతాయి. గనిదో పెంచినదో కంటితో గాని భూతద్దంతో గాని ఎవరూ ఖాయంగా చెప్పలేరు, పరీక్షశాలలోని కాంతి విశ్లేషణ యంత్రాలే చెప్పాలి. దుద్దుల్లో ఉండగానే పరీక్షించే వీలుంటుంది, విప్పించవద్దు. బిల్లులో వజ్రాల బరువు క్యారట్లలో విడిగా రాసి ఉందో లేదో చూడండి. ఒక క్యారట్ అంటే గ్రాములో అయిదో వంతు. రాళ్ళను బంగారంతో కలిపి తూచి, బంగారం ధరే వేసి ఉంటే, ముందు ఆ సంగతి నిలదీయాలి.

ప్రశ్న: బంగారం మీద అప్పు తీసుకున్నప్పుడు బ్యాంకు అప్రైజర్ ఇచ్చిన చీటీ నా దగ్గర ఉంది. బీమాకు అది పనికొస్తుందా?
– అమలాపురం నుంచి ఒక పాఠకుడు

సమాధానం: పనికిరాదండీ. రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం అప్పు కోసం నగలోని బంగారానికే విలువ కడతారు, రాళ్ళను లెక్కలోకి తీసుకోరు. బీమా నివేదికలో ప్రతి నగకూ ఫోటో, మొత్తం బరువు, రాళ్ళు పోగా నికర బరువు, వన్నె, దాన్ని ఏ పద్ధతిలో పరీక్షించారన్నది, హాల్‌మార్కు ఉంటే ఒక్కో నగకు విడిగా వేసే ఆరక్షరాల గుర్తింపు సంఖ్య (హెచ్‌యూఐడీ), రాళ్ళ కొలతలు, అవి సహజమైనవా కావా, ఏ తేదీన ఏ ప్రయోజనం కోసం కట్టిన విలువ అన్నవి ఉండాలి. హెచ్‌యూఐడీ సంఖ్యను బీఐఎస్ కేర్ యాప్‌లో మీరే సరిచూసుకోవచ్చు. రుసుము ఎంతో ముందే అడగండి. విలువలో ఇంత శాతమని కాక, నగకు ఇంతని తీసుకునేవారు నాకు మెరుగనిపిస్తారు. బంగారం ధర ఇంతగా మారుతున్న రోజుల్లో రెండేళ్ళకొకసారి నివేదికను తిరగరాయించి, ఒక నకలును ఇంట్లో కాక వేరేచోట భద్రపరచండి.