సమాధానం: పెంబ్రోలిజుమాబ్‌తో పాటు ఫెన్‌బెండజోల్ ఇవ్వొచ్చా?

క్యాన్సర్‌కి ఇచ్చే ఇమ్యునోథెరపీ (రోగనిరోధక శక్తిని క్యాన్సర్‌పైకి పంపే చికిత్స) మందు పెంబ్రోలిజుమాబ్ నడుస్తుండగానే నాన్నగారికి ఫెన్‌బెండజోల్ 222 మి.గ్రా. మొదలుపెట్టామన్నారు కదండీ, ముందు దాన్ని ఆపి, సంగతి ఆంకాలజిస్టుకి దాచకుండా చెప్పండి. అది పశువుల పురుగుల మందు. మనుషులకు మోతాదే ఖరారు కాలేదు. రెండూ కాలేయాన్ని దెబ్బతీయగలవు. రేపు ఎస్‌జీపీటీ (కాలేయం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్) పెరిగితే తప్పు ఇమ్యునోథెరపీదే అనుకుని డాక్టరు దాన్నే ఆపి స్టెరాయిడ్లు ఇవ్వొచ్చు. వెంటనే ఎల్‌ఎఫ్‌టీ (కాలేయ పరీక్ష), సీబీసీ (రక్తకణాల లెక్క) చేయించండి. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా ఆ రోజే ఆసుపత్రికి.

ఫెన్‌బెండజోల్‌తో తన క్యాన్సర్ పోయిందని చెప్పిన అమెరికన్ జో టిప్పెన్స్ కథ మీరు పెట్టారు కదా, అందులో ఆయన అప్పుడు పెంబ్రోలిజుమాబ్ ట్రయల్లో ఉన్నారన్న ముక్క వాట్సాప్‌లో ఎందుకో రాదు! ల్యాబ్‌లో ఫెన్‌బెండజోల్ కణాల మైక్రోట్యూబ్యూల్స్‌ని (కణం రెండుగా విడిపోవడానికి కావాల్సిన సన్నని గొట్టాలని) అడ్డుకోవడం నిజమే; మింగితే మాత్రం పేగు దాటి రక్తంలోకి చేరేది కొంచెమే. బదులుగా ఆల్బెండజోల్ 400 రోజూ వేయడమూ వద్దు. నులిపురుగులకు అది ఒక్క డోసు. నెలల తరబడి వాడితే తెల్లకణాలు పడిపోవచ్చు.