గీతలతో గుండ్రదనం చూపే అబ్బాయిని ఏ కోర్సులో చేర్పించాలి?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం చదువుతున్నాడు. రంగులు వాడకుండా, ఇంక్‌స్కేప్ సాఫ్ట్‌వేర్‌లో సన్నని గీతలను దగ్గరగా, దూరంగా పేర్చి బిందెలు, పైపులు, బేరింగులు గుండ్రంగా కనిపించేలా గీస్తుంటాడు. దీనికి ఉద్యోగాలుంటాయా? ఇంజినీరింగ్ ఆలోచన మానుకుని ఫైన్ ఆర్ట్స్‌లో చేర్పించమంటారా?
– ఒక తండ్రి, జనగామ

సమాధానం: ఈ ఒక్క నైపుణ్యం పేరుతో ఉద్యోగ ప్రకటన ఏదీ వెలువడదు. అయితే ఇది లేకుండా సాగని పనులు ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనది పేటెంటు చిత్రాల తయారీ. గోళం, స్థూపం, శంకువు ఆకారాల్లో ఉన్న భాగాల ఉపరితలాన్ని ఛాయతో చూపడాన్ని అమెరికా పేటెంటు నిబంధనలు ప్రోత్సహిస్తాయి. ఆ ఛాయను మధ్యలో ఖాళీ వదిలిన గీతలతో వేయడమే మేలని, గీతలు సన్నగా, వీలైనంత తక్కువ సంఖ్యలో ఉండాలని, వెలుగు ఎడమ పైమూల నుంచి 45 డిగ్రీల కోణంలో పడుతున్నట్టు భావించాలని, చిత్రాన్ని మూడింట రెండు వంతుల పరిమాణానికి తగ్గించినా వివరాలు కిక్కిరిసిపోకూడదని అవి చెబుతాయి. డిజైన్ పేటెంటులోనైతే (అంటే వస్తువు రూపానికి ఇచ్చే పేటెంటులో) ఉపరితలాల తీరు తెలిసేలా తగినంత ఛాయ ఉండాలని అంటాయి. మన దేశంలోని మేధోసంపత్తి సేవా సంస్థలు కూడా ఇటువంటి చిత్రాలను గీయిస్తాయి. చాలాచోట్ల చెల్లింపు షీటు లెక్కన ఉంటుంది.

మీ అబ్బాయికి ఉన్నది చేతి నైపుణ్యమేనా, అవగాహన కూడా ఉందా అన్నది తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష పెట్టండి. నిలువుగా ఉన్న పైపు మీద గీతల మధ్య దూరాన్ని ఎలా నిర్ణయిస్తున్నావని అడగండి. ఇంక్‌స్కేప్‌లోని ఇంటర్‌పొలేట్ సదుపాయంతో రెండు గీతల మధ్య పది గీతలు వేయమంటే, ఏమీ మార్చకపోతే సాఫ్ట్‌వేర్ వాటిని సమాన దూరాల్లో పేరుస్తుంది. అప్పుడు పైపు కాస్తా కిటికీ ఊచల్లా కనిపిస్తుంది. అసలు లెక్క అతని గణితంలోనే ఉంది. పైపు వ్యాసార్థం 50 మిల్లీమీటర్లు అనుకుని, దాని చుట్టూ ప్రతి 15 డిగ్రీలకు ఒక గీత ఉన్నట్టు ఊహిస్తే, ఎదురుగా నిలబడి చూసేవారికి ఆ గీతలు మధ్యరేఖ నుంచి వరుసగా 12.9, 25, 35.4, 43.3, 48.3, 50 మిల్లీమీటర్ల దూరంలో కనిపిస్తాయి. అంటే మధ్యలో దాదాపు 13 మిల్లీమీటర్లు ఉన్న ఎడం అంచు దగ్గర 2 మిల్లీమీటర్ల లోపుకు పడిపోతుంది. కోణాల సైన్ విలువలే ఇక్కడ పని చేస్తున్నాయి. అదే ఇంటర్‌పొలేట్ సదుపాయంలో ఘాతాంకాన్ని మార్చి ఎడాన్ని ఒక వైపుకు క్రమంగా తగ్గించవచ్చు గాని, ఈ లెక్క తెలిసినవాడికే ఎంత మార్చాలో తెలుస్తుంది.

బిందె ఇంకా కఠినమైన పరీక్ష. కంటి మట్టానికి దిగువనున్న వలయాల ముందు భాగం కిందికి, ఎగువనున్న వాటిది పైకి వంగుతుంది; ఉబికిన పొట్ట లోపలికి నొక్కుకుపోయి మెడగా మారే చోట గీతల తీరు కూడా మారాలి. (1649లో క్లోద్ మెల్లాన్ అనే ఫ్రెంచి చెక్కుడు చిత్రకారుడు ముక్కు కొన దగ్గర మొదలుపెట్టి ఒకే సర్పిలాకార గీతతో, దాని మందాన్ని మాత్రమే మారుస్తూ క్రీస్తు ముఖాన్ని చూపాడు. కాబట్టి విద్య పాతదే, పనిముట్టు కొత్తది.)

ఇక కోర్సు సంగతి. గణితం, రూపం కలిసే చోట మీ అబ్బాయికి ఆసక్తి ఉన్నట్టు కనిపిస్తోంది కనుక, ఎంపీసీ చదువును వృథా చేసే నిర్ణయం తీసుకోవద్దని నా అభిప్రాయం. నా మొదటి సూచన బీ.డిజైన్: ఐఐటీ హైదరాబాద్‌లో ప్రవేశానికి యూసీడ్ అనే డిజైన్ ప్రవేశ పరీక్ష రాయాలి, ఆంధ్రప్రదేశ్‌లోని ఎన్‌ఐడీకి (జాతీయ డిజైన్ సంస్థకు) వేరే ప్రవేశ పరీక్ష ఉంది. యూసీడ్ సాధారణంగా జనవరిలో జరుగుతుంది, దరఖాస్తులు అంతకు ముందే ముగుస్తాయి. వరుసగా రెండేళ్లలో రెండుసార్లకు మించి రాయనివ్వరు. దానితో పాటు ఎప్‌సెట్ సన్నద్ధతను ఆపకండి; మెకానికల్ ఇంజినీరింగ్‌లో చేరినా ఈ నైపుణ్యం వృథా పోదు. హైదరాబాద్‌లోని జేఎన్‌ఏఎఫ్‌ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం)లో ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ అయిన బీఎఫ్‌ఏ మంచి కోర్సే అయినా, మనుషులను, ప్రకృతిని గీయడంలోనూ అతనికి ఆనందం ఉంటేనే అటు పంపండి.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. త్రీడీ నమూనా నుంచి అంచు గీతల చిత్రాలను క్యాడ్ (కంప్యూటర్‌లో డిజైన్ చేసే) సాఫ్ట్‌వేర్లు ఇప్పుడు తమంతట తామే తీసి ఇస్తున్నాయి. అందువల్ల గీయడం ఒక్కటే వస్తే చాలదు. ఏదైనా ఒక త్రీడీ క్యాడ్ ప్యాకేజీ నేర్చుకుని, ఏ ఉపరితలానికి ఛాయ అవసరమో, దేన్ని ఖాళీగా వదలాలో తేల్చగలగాలి.

మీ జిల్లాలోనే పెంబర్తి ఉంది. అక్కడి ఇత్తడి పాత్ర ఒకదాన్ని ఎంచుకుని ఎదురుగా, పక్కనుంచి, పైనుంచి మూడు షీట్లు గీయమనండి. ఒక్కో షీటును మూడింట రెండు వంతుల పరిమాణంలో నలుపు తెలుపులో ముద్రించి చూడమనండి. గీతలు ఒకదానికొకటి అంటుకున్న చోటల్లా ఒక గీతను తీసేసి మళ్లీ ముద్రించాలి.