నలభై ఏడో రోజు టిక్కు

ప్రశ్న: నా వయసు 53. ప్రకాశం జిల్లాలో పొగాకు రైతుని. పాతికేళ్ల వయసులో, పచ్చి ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్ దగ్గర రాత్రిళ్లు మంట చూసుకుంటూ, నిద్ర ఆపుకోవడానికి సిగరెట్ మొదలుపెట్టాను. అది రోజుకు పద్నాలుగు దాకా వచ్చింది. మొన్న ఉగాది నాడు మానేశాను. నా భార్య ఎరువుల కొట్టు వాళ్లిచ్చిన క్యాలెండరులో రోజూ రాత్రి ఎర్ర పెన్నుతో టిక్కు పెడుతోంది. ఒంగోలులో చదువుకుంటున్న మా అమ్మాయి పడుకునే ముందు ‘నాన్నా, ఈరోజుకు 23’, ‘ఈరోజుకు 24’ అని ఫోనుకు పంపుతోంది. కందుకూరులో ఒక పెళ్లికి వెళ్తే మా బావగారు నన్ను పదిమందిలో నిలబెట్టి ‘ఇతన్ని చూసి నేర్చుకోండి’ అన్నారు. నలభై ఏడో రోజున వేలం కేంద్రంలో నా పొగాకు బేళ్లు మూడింటికి నోబిడ్ పడింది, కొంటానని ఒక్కరూ పాట పాడలేదు. బయటికి వచ్చాక పక్క ఊరి రైతు ఇస్తే ఒకటి తాగాను. బస్టాండులో సోంపు కొని నములుతూ ఇంటికి వెళ్లాను. ఆ రాత్రి కూడా ఆమె టిక్కు పెట్టింది. చూస్తూ ఊరుకున్నాను. తరవాతి తొమ్మిది రోజుల్లో మరో మూడు తాగాను. ఇంతమంది ఇంతగా ప్రోత్సహించాక ఇప్పుడు ఏ ముఖంతో చెప్పను? చెప్పకుండానే మానుకోవచ్చా? ఇన్నాళ్ల కష్టమూ పోయినట్టేనా? పొగాకు పండించేవాడు పొగ మానడమేమిటని ఊళ్లో నవ్వేవాళ్లకు ఏం చెప్పాలి?
– పేరు వద్దు

జవాబు: చివరి ప్రశ్న తేలికైనది కనుక దానితో మొదలుపెడతాను. నెల్లూరు ట్రంకు రోడ్డులో ముప్పై రెండేళ్లు మందుల షాపు నడిపాను. షాపులో ఉన్న మందులన్నీ నేనే మింగలేదు. మీరు పండించిన ఆకు మీరే కాల్చాలని ఏ చట్టంలోనూ లేదు. మంచు తడి ఆరకముందే పచ్చి ఆకు తెంపిన రోజున కూలీలకు తల తిరిగి వాంతులవడం ఆ నవ్వేవాళ్లు కూడా చూసే ఉంటారు. చర్మంలోంచి లోపలికి ఎక్కిన నికోటిన్ చేసే పని అది. ఆకు సంగతి మీ ఊరికి ఇంకొకరు చెప్పాలా?

కష్టం పోయిందా అన్నారు. లెక్క చూద్దాం. యాభై ఆరు రోజులు, రోజుకు పద్నాలుగు చొప్పున 784. మీరు తాగినవి నాలుగు. మిగిలిన 780 సిగరెట్ల పొగ మీ ఊపిరితిత్తుల్లోకి వెళ్లలేదు, ఆ నాలుగూ వాటిని వెనక్కి తీసుకురాలేవు. బ్రిటన్‌లో 1951లో మొదలుపెట్టి వేలాదిమంది డాక్టర్ల పొగ అలవాటునూ, వాళ్ల చావుబతుకులనూ యాభై ఏళ్లు రాసుకుంటూ వచ్చారు. తాగుతూనే ఉన్నవాళ్లు, తాగనివాళ్ల కంటే సగటున పదేళ్లు ముందే పోయారు. యాభై ఏళ్ల వయసులో మానినవాళ్లకు అందులో ఆరేళ్లు, అరవైలో మానినవాళ్లకు కూడా మూడేళ్లు తిరిగి దక్కాయి. మీకు యాభై మూడు. ఇంతకంటే ఆ విషయం సాగదీయను.

మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది సిగరెట్ కాదు, ఆ రాత్రి టిక్కు. అది చదివి కాసేపు కాగితం పక్కన పెట్టాను. ఎందుకో చెబుతాను.

కావలిలో నాకు ఒక బావమరిది ఉన్నాడు. 2003లో సిగరెట్ మానేశాడు. నేను అంతకు ఏడేళ్ల ముందే మానినవాణ్ని కనుక ఆ విషయంలో పెద్దమనిషిని అయిపోయాను. చుట్టాలందరి చేతా అతనికి ఫోన్లు చేయించాను. ఒక గృహప్రవేశంలో భోజనాల దగ్గర అతన్ని లేపి చప్పట్లు కొట్టించాను. రెండు నెలల తరవాత నెల్లూరు వచ్చి షాపులో కూర్చున్నప్పుడు చొక్కాలోంచి వాసన వచ్చింది. కొనడానికి వచ్చినవాళ్ల ముందే ‘నీ మాటకు పావలా విలువ లేదు’ అన్నాను. అతను ఏమీ అనలేదు. ఆ తరవాత నాలుగేళ్లు నా దగ్గర ఎప్పుడూ వాసన రాలేదు. మానేశాడనే నమ్మి, నా మందలింపు బాగా పనిచేసిందని నలుగురికీ చెప్పుకున్నాను కూడా. చివరికి మా చెల్లెలు, అంటే అతని భార్య, ఉండబట్టలేక చెప్పింది: రోజూ రైలుగేటు అవతలికి వెళ్లి తాగి, చేపల చెరువు దగ్గర ముఖం కడుక్కుని, చొక్కా మార్చుకుని వచ్చేవాడట.

అడిగితే అతను ఒకటే అన్నాడు. ‘ఒకటి తాగినందుకు సిగ్గుపడలేదు బావా. చెబితే మీ చప్పట్లన్నీ తిరిగి ఇచ్చేయాలి కదా అని భయపడ్డాను.’

మీ బావగారు పెళ్లిలో చేసింది నేను గృహప్రవేశంలో చేసిందే. మంచి మనసుతోనే చేసి ఉంటారు. కానీ పొగడ్త పెరిగేకొద్దీ తప్పు ఒప్పుకునే చోటు తగ్గిపోతుంది. అయ్యప్ప మాల వేసినవాళ్లను గమనించండి. రోజుకు రెండు పెట్టెలు ఊదేవాళ్లు కూడా నలభై ఒక్క రోజులు ముట్టరు. వాళ్లకు ఎవరూ చప్పట్లు కొట్టరు, రోజులు లెక్కపెట్టి పంపరు. స్వామి అని పిలుస్తారు, సిగరెట్ ఇవ్వరు, అంతే. టీ కొట్టు అతను కూడా అగ్గిపెట్టె వెనక్కి జరుపుతాడు. మాల తీసిన సాయంత్రం అదే చెయ్యి అగ్గిపెట్టెను ముందుకు జరుపుతుంది, చాలామంది అక్కడే దొరికిపోతారు. మిమ్మల్ని కూడా వేలం కేంద్రం బయట పట్టుకున్నది ఒంట్లోని నికోటిన్ కరువు కాదు. నికోటిన్ కొద్ది రోజుల్లోనే శరీరంలోంచి పోతుంది. చిరాకు, నిద్ర పట్టకపోవడం మొదటి వారంలో ఎక్కువగా ఉండి, నెల తిరిగేసరికి చాలామందికి సర్దుకుంటాయి. మీరు ఆ మెట్టు ఎప్పుడో దిగేశారు. మూడు బేళ్లు వెనక్కి వచ్చిన బాధ, ముప్పై ఏళ్లుగా నిలబడి తాగిన అదే చోటు, ముందుకు చాచిన ఒక చెయ్యి, ఈ మూడూ కలిశాయి.

చెప్పాలా అంటే, చెప్పాలి. అందరికీ అక్కర్లేదు. మీ భార్యకు చెప్పండి, ఈ రాత్రి ఆమె పెన్ను తీయకముందే. సంజాయిషీ పొడుగ్గా వద్దు. ‘మానాను, మధ్యలో నాలుగు తాగాను, మళ్లీ మానుతున్నాను’ అంటే చాలు. ఆమె కోప్పడితే పడనివ్వండి, యాభై ఆరు టిక్కులు పెట్టిన మనిషికి ఆ మాత్రం హక్కు ఉంది. అమ్మాయికి మాత్రం ఫోనులో రాయకండి, ఇంటికి వచ్చినప్పుడు చెప్పండి. బావగారికి చెప్పకపోయినా ఫరవాలేదు.

అమ్మా, ఈ నాలుగు మాటలు మీకు. ఆయన చెబితే క్యాలెండరు చించేయకండి. ఆ నాలుగు రోజుల చుట్టూ సున్నాలు చుట్టి, మిగిలిన టిక్కులు ఉన్నట్టే ఉంచండి. ‘ఎందుకు తాగావు’ అనే కంటే ‘ఎక్కడ తాగావు, ఎవరిచ్చారు’ అని అడగండి. మొదటి ప్రశ్నకు మగవాళ్లెవరూ నిజం చెప్పరు, రెండోదానికి చెబుతారు.

ఇక మీకు చేతికి పనికొచ్చేవి. సిగరెట్ మీద మనసు లాగినప్పుడు ఆ పట్టు మామూలుగా ఐదు నిమిషాలకు మించి ఉండదు. ఆ ఐదు నిమిషాలకు ఫోను చేయడానికి ఒక మనిషిని పెట్టుకోండి. నిజం తెలిశాక మా బావమరిదికి నేనే ఆ మనిషినయ్యాను. మొదటి ఏడాది చాలాసార్లు చేశాడు. ఒక్కసారి కూడా సిగరెట్ మాట ఎత్తలేదు. మొలగొలుకుల వడ్ల ధర, రొయ్యలకు వచ్చిన తెగులు, వాళ్ల గేదె ఈనిందా లేదా, ఇవే. ఇప్పుడు అతను నిజంగానే తాగడు. నేను వాసన చూడటం కూడా మానేశాను.

ఇంట్లోవాళ్లకు చెప్పలేని వేళల్లో 1800-112-356 ఉంది. ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. 2018 నుంచి సిగరెట్ పెట్టెల మీదే అచ్చు వేస్తున్నారు. ఆ పుండు బొమ్మ చూడలేక పెట్టె తిప్పేస్తాం కనుక నంబరు ఎవరి కంటా పడదు.

నికోటిన్ చూయింగ్ గమ్ వాడదలిస్తే ఒక మాట. నా షాపులో కొన్నవాళ్లలో సగం మంది దాన్ని పిల్లల బబుల్ గమ్ లాగా నమిలేసి, గొంతు మంట, ఎక్కిళ్లు అంటూ పెట్టె తిరిగి తెచ్చేవాళ్లు. కారంగా చురుక్కుమనే దాకా మెల్లగా నమిలి, చిగురుకూ బుగ్గకూ మధ్య పెట్టి వదిలేయాలి. చురుకు తగ్గాక మళ్లీ నమలాలి. దానికి పావుగంట ముందు నుంచి టీ, కాఫీ, నిమ్మరసం వద్దు. గుండె జబ్బు ఉంటే డాక్టరును అడగకుండా కొనకండి.

టీ అన్నాను కనుక, అది కూడా కాస్త తగ్గించండి. పొగ తాగేవాళ్ల ఒంట్లో కెఫీన్ త్వరగా ఖర్చయిపోతుంది. మానేశాక అదే నాలుగు టీలు ఎక్కువసేపు పనిచేసి, గుండె దడ, నిద్ర పట్టకపోవడం వస్తాయి. సిగరెట్ లేకపోవడం వల్లే అనుకుని మనిషి మళ్లీ పెట్టె కొంటాడు.

ఆ పక్క ఊరి రైతుకు కూడా విషయం చెప్పండి. అమెరికాలో ఫ్రేమింగ్‌హామ్ అనే ఊరివాళ్లను, వాళ్ల చుట్టాలనూ స్నేహితులనూ కలిపి పన్నెండు వేల మందిని ముప్పై ఏళ్ల పాటు గమనించి 2008లో ఒక లెక్క తేల్చారు. స్నేహితుడు మానేస్తే రెండోవాడు తాగే అవకాశం 36 శాతం తగ్గిందట. చాలామంది ఒక్కొక్కరుగా కాక గుంపులు గుంపులుగా మానారు. మీకు సిగరెట్ ఇచ్చినవాడు శత్రువేమీ కాదు, అతని బేలుకు కూడా ఆ రోజు నోబిడ్ పడి ఉండవచ్చు. ‘నాకు ఇవ్వొద్దు’ అని ఒకసారి చెప్పి చూడండి. మీతో పాటు అతనూ మానతానంటే వేలానికి ఇద్దరూ కలిసి వెళ్లండి.

షాపు ఇప్పుడు మా అబ్బాయి చూసుకుంటున్నాడు, నాకు మధ్యాహ్నాలు తీరికే. పత్రిక ఆఫీసుకు రాస్తే నాకు అందుతుంది. ఇంట్లో చెప్పాక ఏమైందో రాయండి. నోబిడ్ పడిన ఆ మూడు బేళ్లూ చివరికి ఏ ధరకు పోయాయో కూడా రాయండి.