పెట్టె బరువు ఎంత? : యువ రచయితకు ఒక లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథను రెండుసార్లు చదివాను. వర్జీనియాలో స్థిరపడిన తెలుగు అమ్మాయివి, మీ ఇంటికి దగ్గరలోనే పారే రాపహానక్ నది ఒడ్డున అమెరికా అంతర్యుద్ధపు రోజుల్లో, 1862 చలికాలంలో బస చేసిన ఉత్తరాది సైనికుడొకణ్ణి మన భాషలోకి తీసుకురావాలనుకోవడం నాకు బాగా నచ్చింది. నచ్చనిది నీ చంద్రుడు. నీ సైనికుడు మొదటి పేజీలో చంద్రుణ్ణి చూసి అమ్మను తలుచుకున్నాడు, రెండో పేజీలో నిట్టూర్చాడు, మూడో పేజీలో తుపాకీ పట్టుకుని పరుగెత్తాడు. నా మొదటి కథలో నేనూ ఇలాగే ఒకే పేజీలో మూడుసార్లు గుండె బరువెక్కించాను. సంపాదకుడు ఆ మూడింటి కిందా ఎర్రగీత గీసి, ఒక్క ముక్కయినా రాయకుండా తిప్పి పంపాడు.

ఆ యుద్ధపు సైనికులు ఇంటికి రాసుకున్న ఉత్తరాలు విస్తారంగా అచ్చయి ఉన్నాయి, వాటితో కొన్నాళ్లు గడుపు. ఇంటిమీద బెంగపడినవాడు బెంగ గురించి ఒక వాక్యం రాసి, మేజోళ్ల గురించి పది వాక్యాలు రాస్తాడని నీకే తెలుస్తుంది. ఉన్ని మేజోళ్లు, చేతితొడుగులు, సూదీ దారం, రాసుకునే కాగితం, తపాలా బిళ్లలు, వెన్న, జున్ను, ఏ వస్తువును దేనిలో చుట్టాలో కూడా చెప్పే ఆ జాబితాయే వాడి దుఃఖం. దాన్ని మళ్లీ విడిగా వర్ణించబోతే రెండూ పలచబడతాయి.

యుద్ధం సంగతి నీవు అనుకున్నంత పెద్దది కాదు. ఆ నది ఒడ్డునే జరిగిన ఫ్రెడరిక్స్‌బర్గ్ పోరు డిసెంబరు నడుమ ముగిసిపోయింది. ఆ తరువాత వసంతం దాకా లక్షమందికి పైగా ఉన్న ఆ ఉత్తరాది సైన్యం ఎదుర్కొన్నది బురదను, చలిని, విరేచనాలను, చీరపేలను. మొత్తం యుద్ధంలో ఉత్తరాది పక్షాన చనిపోయిన సుమారు 3,60,000 మందిలో పోరులోనూ గాయాలవల్లనూ పోయినవారు 1,10,000 మంది. మిగిలినవారిలో అత్యధికులను తీసుకుపోయింది రోగమే. కాబట్టి నీ కథలో డప్పు మోతతో లేవడం, హాజరు చెప్పడం, కవాతు, కట్టెలు కొట్టడం, మళ్లీ కవాతు ఉండాలి. నలుగురు కలిసి దుంగలు పేర్చి, పైన గుడారపు గుడ్డలు కప్పుకుని, పుల్లలూ మట్టితో పొగగొట్టం కట్టుకుని, దాని మీద అడుగు ఊడిన పీపా బోర్లించుకునేవారు. ఆ చలికాలం ముగిసేసరికి చుట్టుపక్కల అడవి దాదాపు నరికివేత పాలైంది.

తిండి దగ్గర మాత్రం నిదానించు. హార్డ్‌టాక్ అనే ఆ బిస్కెట్టు మూడంగుళాల చదరం, అరంగుళం మందం, పళ్లకు లొంగని గట్టిదనం. దాన్ని తుపాకీ మడమతో పగలగొట్టి వేడి కాఫీలో వేస్తే ముక్కుపురుగులు పైకి తేలతాయి, వాటిని చెంచాతో తీసేసి తాగుతారు. ఇందులో నీవు అసహ్యం పలికించనక్కరలేదు, వాళ్లు దీన్ని నవ్వుకుంటూ రాసుకున్నారు. కాఫీ, చక్కెర పంచే తీరు ఇంకా గొప్ప దృశ్యం: నేలమీద రబ్బరు దుప్పటి పరిచి, మనిషికొక కుప్ప చొప్పున పోసి, కుప్పలన్నీ సమంగా ఉన్నాయని అందరూ ఒప్పుకున్నాక, సార్జెంటు వెనక్కి తిరిగి నిలబడితే ఇంకొకడు ఒక్కో కుప్పనూ చూపుతూ ఇది ఎవరికని అడుగుతాడు, సార్జెంటు చూడకుండానే ఒక పేరు చెబుతాడు. చిటికెడు చక్కెర మీద అంత న్యాయం పాటించిన మనుషులకు ఇంటి నుంచి ఒక నిండు పెట్టె వచ్చిందంటే ఏమిటో ఆలోచించు.

ఆ పెట్టెను నీవు ఒక్క వాక్యంలో తేల్చేశావు. అది పార్సిలు కంపెనీ చేతులు మారి, ఆక్వియా రేవులో దిగి, అక్కడి నుంచి సైన్యం బస చేసిన ఫాల్మత్ దాకా రైలెక్కి వచ్చేసరికి వారాలు పట్టవచ్చు. వచ్చాక కూడా నేరుగా చేతికివ్వరు; సారా దాచారేమోనని అధికారులు తెరిచి వెతుకుతారు, దాచేవాళ్లు కాల్చిన టర్కీ కోడి కడుపులో సీసా పెట్టి దాచనే దాచారు. చివరికి మూత తెరిస్తే జామ్ సీసా పగిలి మేజోళ్లను తడిపేసి ఉంటుంది, కోడి కుళ్లి ఉంటుంది, వెన్న ముక్కిపోయి ఉంటుంది. అప్పుడు వాడేం చేస్తాడు? జామ్ అంటిన మేజోడును ఉతుకుతాడా, ముందు నాలుకతో నాకుతాడా? నన్నడిగితే కథంతా ఆ ఒక్క క్షణంలోనే ఉంది. ఆ తరువాత ఇంటికి రాసే ఉత్తరంలో అన్నీ క్షేమంగా చేరాయని అబద్ధం రాస్తాడు కదా, ఆ ఉత్తరాన్ని పూర్తిగా రాయి.

డబ్బు లెక్క కూడా సరిచూసుకో. మామూలు సైనికుడి జీతం అప్పటికి నెలకు 13 డాలర్లు, అది కూడా ఆ చలికాలంలో చాలామందికి నెలల తరబడి అందలేదు. బిళ్ల కొనలేనివాడు కవరు మీద సైనికుడి ఉత్తరమని రాయించి పంపితే, మూడు సెంట్లు అందుకున్నవారు కట్టుకునేవారు. తరువాత సైన్యంలో చేరిన నల్లజాతివారికి 10 డాలర్లు చెప్పి, బట్టల కింద 3 కోసుకుని, 1864 దాకా 7 డాలర్లే చేతిలో పెట్టారు. అది నీ కథలో ఇమడకపోవచ్చు, ఇంకో కథ అవుతుంది.

నది అవతలివాణ్ణి మాత్రం వదలకు. ఓడరేవుల దిగ్బంధం వల్ల దక్షిణాదివారికి కాఫీ కరువు, ఉత్తరాదివారికి మంచి పొగాకు కరువు. అందుకే కాపలావాళ్లు చెక్కముక్కలకు తెరచాప కట్టి, చిన్న పడవలుగా చేసి, అధికారుల కన్నుగప్పి ఆ రెండింటినీ రాపహానక్ మీదుగా ఇచ్చిపుచ్చుకున్నారు. నీ సైనికుడు తన వాటా కాఫీలో ఒక గుప్పెడు ఆ పడవలో వేస్తాడో వేయడో నాకు తెలియదు, నీకు తెలిసి ఉండాలి.

రెండో ప్రతి పంపేటప్పుడు పెట్టె బరువెంతో, దాన్ని అమ్మ సర్దిందో చెల్లెలు సర్దిందో, మూత మేకులు ఎవరు పీకారో, ఖాళీ అయిన ఆ చెక్కలు గుడిసె తలుపుకు వెళ్లాయో పొయ్యిలోకి వెళ్లాయో అందులో కనబడాలి. తొందరేమీ లేదు, వచ్చే నెలలో పంపినా చదువుతాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు