పదిమందిలో క్రైస్తవుడు వాదించాలా, కథ చెప్పాలా?

"మా అపార్ట్‌మెంట్‌లో అన్ని మతాలవాళ్లం ఉంటాం. ఈసారి క్రిస్మస్ కార్యక్రమంలో నన్ను మాట్లాడమన్నారు. నమ్మకం గురించి నలుగురిలో చెప్పాల్సి వస్తే క్రైస్తవులు వాదనతో చెప్పాలా, కథగా చెప్పాలా? ఇన్ని మతాలున్న సమాజంలో కథల వల్ల నిజంగా ఉపయోగం ఉందా?" అని ఒకరు అడిగారు.

కథే చెప్పండి. నాకు ఇందులో రెండో అభిప్రాయం లేదు. అయితే చర్చిలో చెప్పే సాక్ష్యాన్ని మాత్రం బయటికి పట్టుకెళ్లకండి.

చర్చి సాక్ష్యం ఎలా నడుస్తుందో మీకు తెలుసు. ఒకప్పుడు చీకట్లో ఉన్నాను, విగ్రహాలకు మొక్కాను, ఒకరోజు ప్రభువు నన్ను ముట్టాడు, ఇప్పుడు వెలుగులో ఉన్నాను. చర్చిలో ఆ మాటలకు ప్రాణం ఉంది. అవి వింటూ కళ్లు తుడుచుకున్నవాళ్లను చాలామందిని చూశాను. కానీ అదే మాట అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కుర్చీలు వేసి చెబితే, పక్క ఫ్లాట్ ఆయనకు మొదటి సగమే వినబడుతుంది. పొద్దున్నే వాళ్లమ్మ దీపం పెట్టి వచ్చిన గదిని మీరు చీకటి అంటున్నారు. ఆయన ఇక రెండో సగం వినడు, వినాల్సిన అవసరమూ ఆయనకు లేదు.

మా ఊరి సంగతి చెబుతాను. పల్నాడులో మాది చిన్న ఊరు. క్రైస్తవుల సమాధుల తోట వాగు అవతల ఉంది. స్థలం ఉంది గానీ రికార్డుల్లో దానికి దారి లేదు. తరతరాలుగా పొలం గట్ల మీదుగానే పెట్టె మోసుకెళ్లేవాళ్లు. పొలాలు చేతులు మారాయి, కంచెలు పడ్డాయి, గట్లు సన్నబడ్డాయి. వానాకాలంలో ఎవరైనా పోతే మోసేవాళ్లు వాగులో దిగాల్సిందే. చివరికి విషయం గ్రామసభ దాకా వెళ్లింది.

మా యువజన సంఘం కుర్రాళ్లు వినతిపత్రం చాలా బాగా తయారుచేశారు. మత స్వేచ్ఛనిచ్చే రాజ్యాంగం 25వ అధికరణ, మైనారిటీల హక్కులు, అన్నీ అందులో ఉన్నాయి. ఒక్కటీ తప్పు లేదు. చదువుతున్నంతసేపూ ఎదురుగా కూర్చున్న రైతులు చేతులు కట్టుకుని నేల చూస్తున్నారు. చదవడం అయ్యాక ఒకాయన, "రాజ్యాంగం మీ ఒక్కళ్లకే రాసిచ్చారా?" అన్నాడు. వెనక నుంచి ఇంకెవరో, "మతం మారిన రోజున దారి సంగతి గుర్తు రాలేదా?" అన్నారు. మావాళ్లు లేచారు. అరుపులు మొదలయ్యాయి.

అప్పుడు మా మేనత్త లేచింది. ఆవిడ రిటైరైన నర్సు. ఆ చుట్టుపక్కల అందరికీ నర్సమ్మ. మా మావయ్య ఆ ఊరి బడిలోనే మాస్టారు. అక్కడున్న సగంమంది ఆయన దగ్గర పలకాబలపం పట్టినవాళ్లే.

"మాస్టారు పోయింది వినాయక చవితి వెళ్లిన వారానికి. ముసురు పట్టి ఉంది. వాగు పొంగింది. పెట్టె మోసేవాళ్లు నడుంలోతు నీళ్లలో దిగబోతున్నారు," అంది. కంచె వేసిన రైతు వైపు తిరిగింది. "బాబూ, మీ నాన్న అప్పుడు చేలో ఉన్నాడు. మిరప నాటి నెల కూడా కాలేదు. మమ్మల్ని చూసి పరుగెత్తుకొచ్చి తన చేతులతోనే ముళ్లకంప లాగేశాడు. మొక్కలు పోతాయేమోనని మావాళ్లు ఆగితే, 'మొక్కలు మళ్లీ నాటుకుంటాను, మాస్టారిని నీళ్లలో దించుతారా?' అన్నాడు. కంప లాగేటప్పుడు ముల్లు దిగి అరచెయ్యి చీరుకుపోయింది. నేను ఏడుపాపి, మాస్టారి పెట్టె పక్కన నిలబడే నా కొంగు చింపి ఆ చేతికి కట్టు కట్టాను."

అంతే చెప్పి కూర్చుంది. దారి కావాలని ఆవిడ అడగనేలేదు.

ఆ రైతు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఏ చెయ్యి, నర్సమ్మ గారూ?" అన్నాడు. కుడి చెయ్యి అంది. "ఆ మచ్చ కొడవలి తెగి అయ్యిందని చెప్పేవాడు మాతో," అన్నాడు.

ఆ తర్వాత ఎవరూ రాజ్యాంగం ఎవరిదని అడగలేదు. గట్టు ఎంత వెడల్పు ఉంటే పెట్టెకు ఇటూ అటూ మనుషులు నడవగలరు అన్నదాని మీద మాట్లాడుకున్నారు. ఆ రైతే ముందు తన వైపు నుంచి రెండడుగులు వదిలాడు. మిగతావాళ్లు కూడా వదలక తప్పలేదు. రికార్డుల్లోకి దారి ఇంకా ఎక్కలేదు. ఆ ఫైలు ఒక బల్ల మీద నుంచి ఇంకో బల్ల మీదికి తిరుగుతూనే ఉంది, దాని గురించి నాకు చాలా కోపం ఉంది. కానీ ఇప్పుడు ఎవరి పెట్టె కూడా వాగులో దిగడం లేదు.

మా అత్త కథలో మంచి చేసినవాడు ఎవరో గమనించండి. చవితికి వినాయకుణ్ణి పెట్టుకున్న రైతు. యేసు ప్రభువు చేసిందీ ఇదే. ధర్మశాస్త్రం తెలిసిన ఒకాయన లేచి, "నా పొరుగువాడెవడు?" అని నలుగురిలో అడిగాడు. ప్రభువు వచనాలు అప్పజెప్పలేదు. దారి దోపిడీలో దెబ్బలు తిని పడి ఉన్న మనిషి కథ చెప్పాడు. యాజకుడు చూసి పక్కనుంచి పోయాడు, గుడి సేవ చేసే లేవీయుడూ పోయాడు, ఆగినవాడు సమరయుడు. యూదులు పొత్తు పెట్టుకోని మనిషిని తీసుకొచ్చి కథలో పెద్దపీట వేశాడు. తర్వాత జవాబు కూడా తాను చెప్పకుండా ఆ అడిగినవాడి నోటితోనే చెప్పించాడు. అందుకే అంటాను, పలు మతాలవాళ్లున్న చోట క్రైస్తవుడు చెప్పే కథలో మంచి చేసినవాడు అవతలి మనిషి కావాలి. అలాంటి కథ మీ దగ్గర ఒక్కటీ లేకపోతే, ముందు ఇరుగుపొరుగుతో మాట్లాడటం మొదలుపెట్టండి. మైకు సంగతి తర్వాత.

ఇది బతిమాలుకోవడం కాదా, హక్కును కథ చెప్పి అడుక్కోవాలా అని మా తమ్ముడు నాతో చాలాసార్లు గొడవపడ్డాడు. కాదు. కుర్రాళ్ల వినతిపత్రం అవసరమే, కోర్టుకు వెళ్తే పనికొచ్చేది అదే. కానీ కోర్టు నుంచి ఇంటికొచ్చాక కూడా ఆ గట్టు పక్కన బతకాల్సింది మనమే కదా.

మా వినుకొండలో 1895లో పుట్టిన జాషువా గారు ఈ పని అందరికంటే బాగా చేశారు. 1941లో వచ్చిన 'గబ్బిలం'లో, గుడిలోకి అడుగుపెట్టనివ్వని పేదవాడు గుడిలో వేలాడే గబ్బిలంతో కాశీ విశ్వేశ్వరుడికి కబురు పంపుతాడు. రాసింది క్రైస్తవ కుటుంబంలో పుట్టిన కవి. మొర వినాల్సింది శివుడు. దేశాన్ని నిలదీయడానికి ఆయన ఎవరి దేవుణ్ణీ కించపరచలేదు. ఆయనే 'క్రీస్తు చరిత్ర' కూడా రాశారు, దానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు ఇచ్చారు. మన చర్చిల్లో ఎంతమంది పిల్లలకు జాషువా పద్యం ఒక్కటైనా వచ్చు? ఈ మాట ఎక్కడ అవకాశం వచ్చినా అడుగుతూనే ఉంటాను.

మనకున్న కథల్ని మనమే సరిగ్గా చెప్పుకోం. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని క్రైస్తవ కన్వెన్షన్ సభల్లో గర్వంగా చెబుతారు. బయటివాళ్లకు ఆ అంకె వినబడగానే వచ్చే మాట, "కరువులో గింజల కోసం మారారు." ఆ మాటకు మనవాళ్లు ఉడికిపోయి వాదనకు దిగుతారు. అసలు జరిగింది చెప్పండి. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొర, జనానికి కూలి దొరకాలని బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. ఆ కాలువ మట్టి అన్ని కులాలవాళ్లూ మోశారు. తిండి కోసం పేరు రాయించుకున్నారన్న మాట రాకూడదని ఆ కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. కాలువ, కూలి, ఆపేసిన ఆ నెలలు వదిలేసి అంకె ఒక్కటే చెబితే అది గొప్పలు చెప్పుకున్నట్టే ఉంటుంది.

క్రిస్మస్‌కు ముందు జరిపే సెమీ క్రిస్మస్‌లు చూస్తే బాధేస్తుంది. ఊళ్లో అన్ని మతాల పెద్దలూ వచ్చి కూర్చునే రాత్రి ఏడాది మొత్తం మీద అదొక్కటే. గంటన్నర శాలువాలు, దండలు, నాయకుల ప్రసంగాలు. ఆ తర్వాత కేకు. పశువుల పాకలో పుట్టిన బిడ్డ కథ చెప్పడానికి ఐదు నిమిషాలు మిగలవు.

కథ చెప్పండి అని నేను సులువుగా అంటున్నాను గానీ, మనలో చాలామంది మైకు ముందు తమ కథ చెప్పలేరు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా ఉండదు. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో సడలించారు, క్రైస్తవులకు సడలించలేదు. మన దగ్గర వాళ్లను వెనుకబడిన తరగతుల్లో, బీసీ-సీలో చేర్చారు. వెలివాడ మారదు, అవమానం మారదు, సర్టిఫికెట్ మాత్రం మారిపోతుంది. అందుకని ఆదివారం పాట పాడే మనిషి సోమవారం ఆఫీసులో నోరు విప్పడు. పిల్లల చదువు, ఉద్యోగం పోతాయన్న భయం. అలాంటివాళ్లను దొంగ క్రైస్తవులని బయటివాళ్లు అంటే అర్థం చేసుకుంటాను. చర్చిలో పెద్దలు కూడా అదే మాట అంటే భరించలేను. ఎవరి కథ ఎక్కడ, ఎప్పుడు చెప్పాలన్నది వాళ్ల ఇష్టం. మనం వాళ్ల పేరు పెట్టి చెప్పకూడదు.

ఇక మీ కార్యక్రమం. పది నిమిషాలు అడగండి, చాలు. వచనాలు ఒకటి రెండు మించొద్దు. మీ కుటుంబంలో జరిగిన సంగతి ఒకటి, పేర్లతో, ఊరితో, ఆ రోజు వానో ఎండో కూడా గుర్తుంటే దానితో సహా చెప్పండి. అందులో మీ మతం కాని మనిషి మీకు చేసిన మేలు ఉండాలి. క్రీస్తు మీకేమిటో దాచొద్దు, ఒక్క మాటలో సూటిగా చెప్పండి. తర్వాత పక్క ఫ్లాట్ ఆయనకు మైకు ఇచ్చి, వాళ్లింటి కథ కూడా ఒకటి అడగండి. ఆయన దీపావళి గురించి చెబితే మధ్యలో సరిదిద్దకుండా చివరిదాకా వినండి.